తమ్ముడి బ్లాగులో పక్కింటామె

మిరుగం నాడు, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు నేను నా తమ్ముడి బ్లాగు కింద కామెంటు రాసి బటన్ నొక్కాను. నిమిషాలతో సహా చెబుతున్నానంటే అది నేను గుర్తుపెట్టుకున్నది కాదు, ఫోనే రాసిపెట్టుకుంది. నేను రాసింది ఐదు వాక్యాలు. ఆరాధన నుంచి ఇంటికి వచ్చినప్పుడు మొదలుపెడితే అప్పటికి అయ్యింది. మధ్యలో చేపలు తోమడం, చింతపండు పిసకడం, కూర అడుగంటకుండా గిన్నె పట్టి తిప్పడం ఉన్నాయి మరి.

ఆ సమయానికి తమ్ముడు నా ఇంట్లోనే ఉన్నాడు. ముందరి గదిలో నా పెనిమిటి పక్కన కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. మిరుగమంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ రోజున చేపలు తినాలని మా దిక్కు అందరికీ ఉంటుంది. మేము చర్చికి పోయేవాళ్లమైనా మాకూ ఉంటుంది. మాది కొత్వాల్‌గూడ, హిమాయత్ సాగర్ పక్కనే కాబట్టి చేపలకు ఎక్కడికీ పోనక్కరలేదు. ప్రతి ఏడూ ఆ రోజు తమ్ముడూ మరదలూ మా ఇంటికే వస్తారు.

నేను వంటింట్లో బటన్ నొక్కానో లేదో, ముందరి గదిలో వాడి ఫోను టింగుమన్నది.

ఏం రాశానో చెప్పేముందు ఎందుకు రాశానో చెప్పాలి. నాకు తిప్పి చెప్పడం చేతకాదు. కుళ్లుతో రాశాను.

తమ్ముడు నాకంటే ఆరేళ్లు చిన్న. అమ్మా బాపూ పొద్దున్నే కూలికి పోతే వాడు నా చంకలో ఉండేవాడు. వాడికి ఐదేళ్లు రాగానే ఊరి బడిలో వేశారు. నన్ను వెయ్యలేదు. నన్ను బడిలో వెయ్యాలన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు, అప్పుడు నాకూ రాలేదు. మొదటి రోజు వాడు ఏడ్చిన ఏడుపుకు సారు తల పట్టుకున్నాడు. నేను కళ్ల ముందుంటేనే వాడు ఊరుకుంటాడని తేలింది. బడి ఒకటే గది. నల్లబల్ల ఉన్న గోడకే, బల్ల పక్కన, ఒక కిటికీ ఉండేది. సారు నన్ను బయట ఆ కిటికీ దగ్గర కూర్చోమన్నాడు. వాడు నల్లబల్ల వైపు చూస్తే పక్కనే నా తలకాయ కనబడేది, వాడి ఏడుపు ఆగేది.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. కిటికీ, నల్లబల్ల ఒకే గోడకు ఉన్నాయి. నాకు లోపలి పిల్లల మొహాలన్నీ కనబడేవి. నల్లబల్ల మీద సారు ఏం రాశాడో మాత్రం కనబడేది కాదు. అట్లా ఏడాదిన్నర కూర్చున్నాను. సారు చెప్పిందంతా విన్నాను. పదిహేనో ఎక్కం దాకా నోటికి వచ్చింది, పద్యాలు వచ్చాయి, దేశాల రాజధానులు వచ్చాయి. అక్షరం ఒక్కటీ రాలేదు. వాడు ఎక్కం దగ్గర తడబడితే నేను కిటికీలోంచి పెదాలు కదిపి అందించేదాన్ని. సాయంత్రం బాపు ముందు వాడు గడగడా ఒప్పజెబితే బాపు వాడిని భుజం మీద ఎక్కించుకుని వాకిలంతా తిరిగేవాడు. ఒకరోజు నేను వాడి పలకను బండకేసి కొట్టి, వాడే పడేశాడని చెప్పాను. దెబ్బలు వాడు తిన్నాడు. ఈ ముక్క ఇదివరకు ఎవరికీ చెప్పలేదు.

నాకు అక్షరాలు యాభై ఆరో ఏట వచ్చాయి. విమానాల చోట గడ్డీ పూలమొక్కలూ చూసే పనిలో ఉండి, జీతం కాగితం మీద పదేళ్లు వేలిముద్ర వేసి, మోకాళ్లు పట్టుకుపోయాక ఇంట్లో కూర్చున్నాను. అప్పుడు మా పాస్టరమ్మ పట్టుబట్టి గురువారం గురువారం మధ్యాహ్నాలు నేర్పింది. ఆమె పెద్దబాలశిక్ష తేలేదు. పాటల పుస్తకం తెచ్చింది. పాటలన్నీ నాకు నోటికి వచ్చు కదా. మొదటి మాట ఏదో నాకు ముందే తెలుసు, పుస్తకంలో ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూసుకోవడమే. నోట్లో ఉన్నదాన్ని కంటితో పట్టుకోవడం అన్నమాట. రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత నాకు పిచ్చి పట్టినట్టు అయ్యింది. బస్సు బోర్డులు, మందుల డబ్బాలు, గోడల మీద సిమెంటు ప్రకటనలు, ఏది కనబడితే అది పైకే చదివేదాన్ని. నా పెనిమిటి లారీ నడిపినంత కాలం ఇంజను మోతలో చెవులు పోగొట్టుకున్నాడు కాబట్టి ఆయనకు ఇబ్బంది లేకపోయింది.

తమ్ముడు సంబరపడి నాకు తెలుగు అక్షరాలున్న ఫోను కొనిచ్చాడు. వాడి బ్లాగు సంగతి మాత్రం చెప్పలేదు.

వాడు చేసేది కంప్యూటర్ల భద్రత పని. ఎవరైనా కంపెనీవాళ్లు పిలిచి, మా కంప్యూటర్లలోకి దొంగలు చొరబడగలరేమో చూడండి అంటే, వీడు దొంగ వచ్చినట్టే వచ్చి, కన్నం ఎక్కడుందో చూసి, కాగితం మీద రాసిచ్చి పోతాడు. నిజంగా దొంగలు పడ్డాక పిలిచేవాళ్లూ ఉంటారు. ఎయిర్‌పోర్టు దిక్కు పోయే రోడ్డులో అద్దాల ఆఫీసు. ఇంతవరకు నాకు తెలుసు. పదకొండేళ్లుగా పక్కన ఇంకో పని కూడా చేస్తున్నాడని తెలియదు. బ్లాగంటే కంప్యూటర్లో పెట్టుకునే సొంత నోటుబుక్కు. కాకపోతే మూసి బీరువాలో పెట్టరు, తెరిచి నడిబజార్లో పెడతారు. దారిన పోయేవాళ్లు చదివి కింద వాళ్ల మాట రాసిపోతారు.

పోయిన క్రిస్మస్‌కు మరదలు నోరు జారింది. ఆమె గుంటూరు వైపు మనిషి. మాటకు ముందొక గారు, వెనకొక అండీ ఉంటాయి.

"మీ తమ్ముడు ఎంత బాగా రాస్తారో వదినగారూ. చదువుతుంటే నాకే ఏడుపొస్తుంది ఒక్కోసారి."

"ఏం రాస్తడు? ఆఫీసు కాయితాలా?"

"కాదండీ, బ్లాగు. మీ చిన్నప్పటి కబుర్లన్నీ." అని, నాలుక కరుచుకుని, "మీకు చెప్పొద్దన్నారు ఆయన. నేను చెప్పానని అనకండి" అన్నది.

"నాకెందుకు చెప్పొద్దు?"

"ఎవరికీ చెప్పొద్దన్నారండీ. పేరు లేకుండా రాస్తారు."

ఎవరికీ అంటే మరదలికి తెలుసు కదా. ఎవరికీలో ఆమె లేదు, నేనున్నాను. అక్కడ మొదలైంది నా కడుపుమంట. ఎట్లాగో బతిమాలి ఆమె చేత నా ఫోనులో ఆ బ్లాగు తెరిపించుకున్నాను.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం చదివాను. వేలు పెట్టి, పైకి చదివాను. బాగా రాస్తాడు, ఆ మాట ఒప్పుకోకపోతే నాకు పాపం తగులుతుంది. కంప్యూటరు తాళంచెవి లాంటి పాస్‌వర్డును అందరూ కీబోర్డు కిందే కాగితం మీద రాసి దాచుకుంటారని రాశాడు, నవ్వొచ్చింది. మొదటిసారి మా ఊరి మీదుగా పెద్ద విమానం కిందికి దిగిన రోజు కోళ్లన్నీ బుట్ట కింద దూరాయని రాశాడు. అది నిజం. బాపును రాశాడు, చేతి మీది మచ్చతో సహా. అమ్మను రాశాడు. మా బర్రెను రాశాడు, అది ఎవరు పితికితే తంతుందో ఎవరు పితికితే ఊరుకుంటుందో అన్నీ. నేనెక్కడా లేను. నెల రోజులు చదివినా లేను. పితికితే ఊరుకున్నది నా చేతికే. అదీ లేదు, "ఇంట్లో ఒకరు" అని ఉంది.

చివరికి దొరికింది కిటికీ. బడి, నల్లబల్ల, ఏడుపు, అన్నీ ఉన్నాయి. కిటికీ దగ్గర కూర్చున్నది ఎవరయ్యా అంటే "మా పక్కింటామె".

మూడుసార్లు చదివాను. నాకు చదవడం సరిగ్గా రాలేదేమో అనుకున్నాను. పక్కింటామె అనే ఉంది. బర్రెను బర్రె అనే రాశాడు, దాన్నేమీ పక్కింటి బర్రెను చెయ్యలేదు.

ఆ పోస్టు కిందనే అన్నిటికంటే ఎక్కువ కామెంట్లున్నాయి. ఇట్లాంటి పొరుగువాళ్లు ఇప్పుడెక్కడున్నారని ఒకాయన. ఆ తల్లికి నా దండాలని ఒకామె. కన్నతల్లి కూడా అట్లా కూర్చోదని ఇంకొకామె. నాకు నా జన్మలో ఎవరూ అట్లాంటి మాట అనలేదు. అన్నారు ఇప్పుడు, పక్కింటామెను అన్నారు. ఎండలో వానలో నేను కూర్చుంటే దండాలు ఆమెకు పోయాయి. లేని మనిషి మీద కుళ్లుకోవడం ఏమిటని పాస్టరమ్మ తర్వాత నన్ను అడిగింది. ఉన్న మనిషి అయితే పోయి కొట్లాడేదాన్ని. లేనిదాంతో ఏం చేస్తాను? దానికి నా కాళ్లు, నా ఓపిక, నా ఏడాదిన్నర ఇచ్చేశాడు. అది రోజురోజుకూ మంచిదవుతున్నది. కింద కొత్త కామెంటు వచ్చినప్పుడల్లా నా కళ్లల్లో నిప్పులు పోసినట్టు ఉండేది.

అయినా నాలుగు నెలలు నోరు మూసుకున్నాను. మిరుగానికి ముందు శనివారం నాడు ఒకామె అక్కడ రాసింది: ఆమె ఇప్పుడెక్కడున్నారు, ఎట్లా ఉన్నారు, ఒకసారి ఆమె గురించి రాయండి అని. దానికి తమ్ముడి జవాబు ఉంది. ఒక్కటే ముక్క. "ఆమె ఇప్పుడు లేరండీ, చాలాకాలమైంది." ఆ కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు, ఆత్మశాంతులు.

చంపేశాడు.

ఆదివారం నేను రాసింది ఇది. అక్షరం మార్చకుండా ఇస్తున్నాను. "ఆమె పక్కింటామె కాదు వాని సొంత అక్క. నేను బతికే ఉన్న. మాది కొత్వాల్‌గూడ. వాడు ఇప్పుడు మా ఇంట్లనే చేపలు తింటున్నడు. చచ్చిపోయినదాని చేతి కూర ఎట్లున్నదో అడుగుండ్రి."

ఇగ ముందరి గది సంగతి. టింగుమన్నాక ఎవరో లేచిన చప్పుడైంది. మా నిజం పక్కింటి ఆమె, అంటే మా ఇంటిని ఆనుకుని నిజంగానే ఉండే ఆమె, గిన్నె పట్టుకుని అప్పుడే పెరటి వాకిట్లోంచి వచ్చింది. ఆమె మా ఇంటి కూర వాసన వస్తే ఉప్పు సరిపోయిందా అని అడగడానికి వస్తుంది. తమ్ముడు ఎంగిలి చెయ్యి అట్లాగే పట్టుకుని వంటింటి గడపలో నిలబడ్డాడు. రెండో చేతిలో ఫోను.

"అక్కా, గిది నువ్వు రాసినవా?"

"నేనే రాసిన. అక్షరాలల్ల ఏమన్న తప్పులున్నయా?"

"తప్పుల్లేవే. ఒక్క తప్పన్న ఉంటె మంచిగుండు." వాడు బొటనవేలితో ఫోను మీద ఏదో నొక్కాడు. "తీసేసిన."

"తియ్యి. మళ్ల రాస్త."

"జర ఆగు, నీకు దండం పెడ్త. నీ పేరు, ఇంటిపేరు, చర్చి ముందల నిలబడ్డ నీ ఫొటో, అన్నీ దాని పక్కన వచ్చినయ్. తెలుసా నీకు?"

నాకు తెలియదు. నేను ఐదు వాక్యాలే రాశాను. మిగతావి ఫోను తనంతట తానే తెచ్చి అంటించిందట.

"వస్తే ఏమాయె? నా పేరు దొంగ పేరా?"

అంతలో మరదలు వెనక నుంచి వచ్చింది. "వదినగారూ, నేను చూపించబట్టే కదండీ ఇదంతా. అలా రాశారేంటండీ" అని గోడకు ఆనుకున్నది.

అప్పుడు చెప్పాడు వాడు. రెండేళ్ల కింద ఒక దవాఖానవాళ్ల కంప్యూటర్లకు ఎవరో దొంగలు తాళాలు వేసి, డబ్బులిస్తేనే తీస్తామన్నారట. డబ్బులివ్వకుండా ఆ తాళాలు తీసినవాళ్లలో మా వాడొకడు. ఆ దొంగలకు వీడి పేరు ఎట్లాగో దొరికింది. ఇంటి అడ్రసు, మరదలి ఫోను నంబరు పట్టుకుని ఇంటర్నెట్టులో పాడు చోట్ల పెట్టారు. రోజూ ఎవరెవరో మగవాళ్లు ఆమెకు ఫోన్లు చేసి పిచ్చి మాటలు. అడగని బిర్యానీలు, అడగని సామాన్లు గుమ్మం ముందుకు రావడం. ఒకసారి శవాల బండి వచ్చింది, ఎవరు పోయారని అడుగుతూ. తుక్కుగూడలో ఇల్లు ఖాళీ చేసి బడంగ్‌పేట్‌కు మారింది అందుకట.

"నాకు బోరుల నీళ్లు ఎండిపోయినయ్ అని చెప్పినవ్ కదరా."

"చెప్పిన. నువ్వు పరేషాన్ అయితవని చెప్పిన."

"మరి బ్లాగు దొరకలేదా వాళ్లకు?"

"అదొక్కటే దొరకలే. అందుల నా పేరు లేదు, ఊరు లేదు. నువ్వు లేవు. ఎవడన్న నా వెంబడి పడాల్నంటె ముందుగాల ఎవరిని పట్టుకుంటడు? నిన్నే కద. నాకు ఇంకెవరున్నరు ఈ ఊర్ల? అందుకే నిన్ను పక్కింట్ల పెట్టిన."

"చంపినవ్ ఎందుకు?"

వాడి చేతి మీద అన్నం ఎండిపోతున్నది. "ఎక్కడున్నది, ఎక్కడున్నది అని అడుగుతున్నరు. లేదంటె అడుగుడు బంద్ చేస్తరని" అన్నాడు చివరికి.

మా నిజం పక్కింటి ఆమె ఇదంతా వింటూ గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. "ఏందక్కా, కంప్యూటర్ల నా గురించి రాసిండా తమ్ముడు?" అన్నది.

"నీ గురించి కాదు."

"పక్కింటామె అంటుండ్రు కద. నేనే కద పక్కింటామె. ఏమని రాసిండు? మంచిగనే రాసిండా?"

"మంచిగ రాసిండు. తర్వాత చంపిండు."

"అయ్యో" అని ఆమె గిన్నె కింద పెట్టి అక్కడే కూలబడింది, విషయం తేలేదాకా పోను అన్నట్టు.

నేను అర్థం చేసుకున్నాను. నన్ను తెలివితక్కువదాన్ని అనుకోవద్దు. వాడు నన్ను దాచాడు. ఇంట్లో విలువైనదాన్ని గింజల కుండలో దాచినట్టు దాచాడు, సరే. అయినా నా కుళ్లు పోలేదు. అదేమిటో రాయడానికి ఇక్కడ ప్రయత్నం చేస్తాను. ఒకరోజు బడిలో సారు నన్ను లోపలికి పిలిచాడు. ఎండ బాగా ఉంది, లోపల ఆడపిల్లల వరుస చివర చోటుంది, వచ్చి కూర్చో, నువ్వూ నేర్చుకో అన్నాడు. పోయి కూర్చున్నాను. ఆ చివరి వరుస నుంచి నల్లబల్ల కనబడింది. తెల్లగా ఏదో రాసి ఉంది, అదేమిటో ఇప్పటికీ తెలియదు. తమ్ముడు నల్లబల్ల వైపు చూశాడు, కిటికీలో నేను లేను. వెనక్కి తిరిగి చూసుకోవాలన్న తెలివి వాడికి లేదు. గొంతు చించుకుని ఏడ్చాడు. సారు విసుక్కుని, పో తల్లీ, నీ చోటికి నువ్వు పో అన్నాడు. లేచి వచ్చేశాను. లోపల ఎంతసేపు కూర్చున్నానో, ఒక ఎక్కం చదివేంతసేపు. వాడి బ్లాగులో కిటికీ ఉంది, ఎండ ఉంది, సారు చేతి బెత్తం ఉంది. ఇది లేదు. పక్కింటామె ఎప్పుడూ లోపలికి రాలేదు, ఆమెను ఎవరూ పిలవలేదు, ఆమె ఏమీ వదులుకోలేదు. ఊరికే మంచిది.

ఆ మాట వాడితో అన్నాను, అక్కడే, వంటింటి గడపలో.

"నాకు యాదిల లేదక్కా" అన్నాడు.

"నీకెందుకుంటది? నువ్వు ఏడుస్తున్నవ్."

"నిజంగ పిలిచిండా సారు?"

"పిలిచిండు. నువ్వు ఏడ్చినవ్. నేను వచ్చేసిన. గదే రాయాల్సింది. నువ్వు కిటికిని పక్కింటామెకు ఇస్తె ఇచ్చినవ్, ఇది కూడ ఇచ్చేది ఉండె. అప్పుడన్న అసలైనదానికి దండం పెట్టేటోళ్లు."

వాడు కింద పీట మీద కూర్చున్నాడు. ముందరి గదిలోంచి నా పెనిమిటి, "కూర మంచిగుంది, ఎవ్వరు తినరేంది?" అని కేక వేశాడు. ఆయనకు ఏమీ వినబడలేదు.

"తీసేసినవ్ కద, ఇగ ఏం భయం?" అన్నాను.

"తీసేస్తె నా బ్లాగుల నుంచి పోయింది. గా పోస్టు కింద ఎవరేం రాసినా మెయిల్ పంపుమని పెట్టుకున్నోళ్లున్నరు. వాళ్లందరికి నీ కామెంటు పోయింది. అండ్ల నీ పేరున్నది. నీ పేరు పట్టుకుంటె నువ్వు ఫోనుల అందరికి కనబడేటట్టు పెట్టిన ఫొటోలు. పోయిన క్రిస్మస్‌ది, నేను, ఈమె, కేకు కోసేది. ఇగ బ్లాగు ఎవలదో తెలుస్తది. నేను ఎట్ల ఆలోచిస్తనో, దేనికి భయపడ్తనో, ఎక్కడ చాయ్ తాగుతనో, పదకొండేండ్లది అండ్ల ఉన్నది. పేరు లేనన్ని రోజులు అది కథలు. పేరు దొరికిన్నాడు అది నా ఇంటికి దారి చూపే నక్ష."

"చదివేటోళ్లు మంచోళ్లే ఉండచ్చు కదండీ" అన్నది మరదలు, ఆమెకే నమ్మకం లేని గొంతుతో.

"ఉండచ్చు. నా పనే ఉండకపోవచ్చని అనుకునే పని" అన్నాడు వాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి, నా కళ్ల ముందే బ్లాగు మూసేశాడు. తలుపు మూసినంత మూయడం కాదు, ఇల్లు కూలగొట్టినంత. నిజంగానే తీసేయమంటారా అని ఫోను రెండుసార్లు అడిగిందట. రెండోసారి అడిగినప్పుడు వాడి వేలు కాసేపు గాల్లో ఆగింది. మరదలు అటు తిరిగి నిలబడింది. నేను మాత్రం కళ్లు తిప్పకుండా చూశాను.

అప్పుడు నా లోపల ఏమైందో కూడా రాయాలి. ఏడుపు రాలేదు. పక్కింటామె పోయింది. ఆమె దండాలు పోయాయి, ఆత్మశాంతులు పోయాయి. వాడికి చదివేవాళ్లు లేరు, నాకూ లేరు. అరవై ఏళ్లలో మొదటిసారి నేనూ వాడూ ఒకే మెట్టు మీద ఉన్నామనిపించింది. నాకు ఒక రకంగా హాయిగా ఉంది. పదకొండేళ్ల రాత పోయిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే నాకు హాయిగా ఉంది.

వాడు నా మొహం చూశాడు. చిన్నప్పటి నుంచి నా మొహం చూడటమే కదా వాడి పని.

"సంబురమైందా అక్కా?"

"కొంచెం."

మరదలు నా వైపు ఎట్లా చూసిందంటే, ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. వాడు మాత్రం తల ఊపాడు, లెక్క సరిపోయినట్టు. "అబద్ధం చెప్పలే. మంచిది" అన్నాడు. చేపలు తినలేదు. నేను రెండుసార్లు వడ్డించబోతే రెండుసార్లూ చెయ్యి అడ్డం పెట్టాడు. పోయే ముందు నా ఫోను తీసుకుని అందులోని ఫొటోలు ఒక్కొక్కటే తీసేస్తూ కూర్చున్నాడు. వాడి మొహం ఉన్నవన్నీ తీసేశాడు. నా మొహం ఒక్కటే ఉన్నవి నాకు వదిలిపెట్టాడు. ఫోను చేతికిస్తూ అన్నాడు.

"సారు పిలిచిన ముచ్చట నువ్వే రాయి."

"నేను రాస్తె ఎవడు చదువుతడు?"

"తెల్వది. నాకైతె అది రాయ రాదు. నేను ఏడుస్తున్న కద అప్పుడు."

ఆ తర్వాత ఏడు వారాలు వాడు మా ఇంటికి రాలేదు. ఫోను చేస్తే మరదలు ఎత్తి, బాగున్నామండీ అని పెట్టేసేది. ఆ ఏడు వారాలూ నేను నోటుబుక్కులో రాశాను, రూళ్లున్న పుస్తకంలో, పెన్సిలుతో. రాస్తుంటే తెలిసింది, వాడు పదకొండేళ్లు ఎందుకు రాశాడో. ఎవరూ ఆపకుండా, ఎవరూ ఏడవకుండా నల్లబల్ల ముందు కూర్చున్నట్టు ఉంటుంది అది. వాడికి ఇంత సుఖం ఇన్నేళ్లు దొరికిందని తెలిసి మళ్లీ ఓర్వలేకపోయాను. నేను తీసేయించానని కూడా తెలిసింది. రెండూ ఒకేసారి తెలిశాయి, ఒకదాన్ని ఒకటి తగ్గించలేదు.

ఎనిమిదో వారం వాడే వచ్చాడు. పుస్తకం తీసుకుని, వాడు కంపెనీల కంప్యూటర్లు చూసినట్టే చూశాడు, దొంగ కళ్లతో. నా పేరు కొట్టేశాడు, మా పాస్టరమ్మ పేరు, బడి సారు పేరు కొట్టేశాడు. చర్చి ఏ వీధిలో ఉందో కొట్టేశాడు. మా ఊరి పేరు ఉంచనిచ్చాడు, మెయిల్ అందినవాళ్లకు అది ఎట్లాగూ తెలుసని, బ్లాగే లేనప్పుడు మిగతావాళ్లలో దీన్ని దానికి కలిపేవాడు లేడని. వాడు ఉండే చోటు మాత్రం మార్చమన్నాడు. మార్చాను. పైన బడంగ్‌పేట్ అని చదివారు కదా, వాడు ఉండేది అక్కడ కాదు. ఎక్కడో చెప్పను. పలక పగలగొట్టిన చోటు వచ్చినప్పుడు ఆగి, నా వైపు చూసి, పేజీ తిప్పాడు. సారు నన్ను లోపలికి పిలిచిన చోట ఏమీ కొట్టెయ్యలేదు.

"చివర్ల ఆ రోజు ఎవరెవరున్నరో రాయాల్నని ఉందిరా" అన్నాను.

"పేర్లు లేకుండ రాయి."

"అక్క అని రాయచ్చునా?"

కాసేపు ఆలోచించాడు. వాడి పని అట్లాంటిది, వెంటనే ఏదీ ఒప్పుకోడు. "రాయి" అన్నాడు.

మిరుగం నాడు మా ఇంట్లో ఉన్నవాళ్లు: చేపల కూర మెచ్చుకుని ఏదీ వినని నా పెనిమిటి. గోడకు ఆనుకుని నిలబడ్డ మా మరదలు. గిన్నెతో వచ్చి ఉత్త గిన్నెతో పోయిన పక్కింటి ఆమె. నా తమ్ముడు. నేను, వాడి అక్కను.